కొండదారి

"దూరపు కొండలు నునుపు" అని తెలుగువారి సామెత. ఉత్తర ఐర్లండునందు, డౌన్ మండలమున, సముద్రతీరమున నిలిచియున్న మోర్న్ పర్వతములను జూచినవారికి ఈ సామెతలోని సత్యము బాగుగా బోధపడును. న్యూకాజిల్ పట్టణమునుండి చూచినపుడు 850 మీటర్ల యెత్తుగల స్లీవ్ డోనార్డ్ శిఖరము నున్నగను, చెక్కుచెదరనిదిగను గన్పట్టును. దగ్గఱకు బోయినచో దాని యొడలిపైని గాయములు కనబడును. అవి శత్రువులు చేసినవి కావు; దానిని ప్రేమించినవారి పాదములు చేసినవి.

ఈ పర్వతముల శిఖరములను గలుపుచు సుమారు 35 కిలోమీటర్ల పొడవున నొక రాతిగోడ కలదు. బెల్ఫాస్టు నగరమునకు మంచినీరు సమకూర్చు ప్రదేశమునకు ఎల్లగా దానిని 1904 మొదలు 1922 వఱకు గ్రానైటు రాళ్లతో నిర్మించిరి. దాని వెంబడి నడచువారికి ఒకప్రక్క ఐరిష్ సముద్రమును, మఱియొకప్రక్క లోయలును, జలాశయములును కనుల పండువు చేయును. పొగమంచు క్రమ్మినపుడు ఆ గోడయే దారి చూపును.

ఈ గోడవెంట నడచు సామూహికయాత్ర 1957లో ప్రారంభమై, యేటేట జరుగుచు వచ్చెను. రానురాను నడచువారి సంఖ్య మిక్కిలి పెరిగెను. అచ్చటి నేల చాలచోట్ల పీట్ అనబడు నల్లని మెత్తని నేల. తేమలో పూర్తిగా కుళ్లని మొక్కల యవశేషములు వేలయేండ్లుగా పేరుకొనగా నది యేర్పడినది. సంవత్సరమునకు సుమారొక మిల్లీమీటరు మాత్రమే పెరుగును. ఒకడు త్రొక్కిన గడ్డి వంగి మరల లేచును. వేలమంది త్రొక్కిన గడ్డి చచ్చును. వేళ్లు పట్టు విడుచును. వాననీరు ఆ చాలునే కాలువగా జేసికొని మట్టిని కొట్టుకొనిపోవును. వెనుక వచ్చువారు బురదకు వెఱచి ప్రక్కగా నడతురు. బాట మఱింత వెడల్పగును. తుదకు 1984తో ఆ యాత్రను నిలిపివేసిరి.

ఇది న్యాయమా యని కొందఱడుగవచ్చును. కొండ యందఱిది, పట్టణపు టిఱుకులో నలిగినవారికి ఆ గాలిని, ఆ వెలుగును నిరాకరింపదగునా? ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని నిలిపినది యాత్రనే గాని నడకను గాదు. నేటికిని జనులు అచ్చట నడచుచునే యున్నారు. కొండకు గావలసినది నిషేధము గాదు, నియమము. చిన్న బృందములుగా బోవుట, రాళ్లు పఱచిన బాటను బురదయైనను విడువకుండుట, గోడరాళ్లను కదల్పకుండుట, వాతావరణము చెడినచో సిగ్గుపడక వెనుకకు మరలుట — ఇవి యెవరికిని భారము గావు.

శిఖరమును జయించితిమని చెప్పుకొనుట లోకమున వాడుక. అందు గొప్ప లేదు. వేలయేండ్లలో పేరిన మట్టిని ఒక్క తరము కాలితో చెఱుపగలదు గాని, ఏ తరమును చేతితో మరల పేర్పజాలదు. కావున తాను చూచినట్టి కొండనే తన వెనుకవానికి మిగిల్చినవాడే దానిని చక్కగా నెక్కినవాడు.