చుక్క కనబడుతోంది, రైతు కనబడడం లేదు



పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి ఆఖరి తీత అయ్యాక కట్టె పీకి, కుప్పవేసి నిప్పు పెడతాం. మూడు గంటలు తిరక్కుండానే ఆ మంట నాసా వారి ఫర్మ్స్ పటంలో ఎర్రచుక్క అయి కనబడవచ్చు. సెల్‌ఫోన్ ఉన్న ఎవరైనా దాన్ని చూడవచ్చు.

చుక్క అబద్ధం చెప్పదు. కానీ దాని కొలత తెలుసుకోండి. ఉపగ్రహం చూసే ఒక్కో గడి 375 మీటర్ల పొడవు, అంతే వెడల్పు. అంటే దాదాపు 35 ఎకరాలు. మన ఊళ్లలో అంత నేలలో ఎంతమంది చేలుంటాయి? మంట ఎవరిదో, అతను సొంతదారో కౌలుదారో చుక్క చెప్పదు.

ఢిల్లీ చుట్టుపక్కల ఉపగ్రహం చూపిన మంటల వెంట అధికారులు చేలకు వెళ్తున్నారు. 2024 నవంబరులో కేంద్రం అక్కడ జరిమానా రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు రైతుకు 5 వేలు, ఐదెకరాలు దాటితే 30 వేలు. రేపు ఆ నోటీసు మన గడపకు రాదని ఎవరు హామీ ఇస్తారు?

పొగ మంచిదని మేము అనడం లేదు. దాన్ని ముందు మింగేది మనమూ, మన పిల్లలే. కానీ గులాబీ రంగు పురుగు పోవాలంటే కట్టె చేలో ఉంచొద్దని చెప్పేది వ్యవసాయ శాఖే. కట్టెను ముక్కలు చేసే యంత్రం చిన్న రైతు కొనలేడు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డుకు భూ యజమాని ఒప్పుకోవాలి. కార్డే లేనివాడికి సబ్సిడీ ఎక్కడిది?

బాయిలర్ లోపల కాలే బొగ్గు ఆ పటంలో చుక్క కాదు. కరెంటు కేంద్రాలు గంధకం పొగ తగ్గించాలని 2015 డిసెంబరులో నిబంధన పెట్టారు. గడువు 2017. వాయిదాల మీద వాయిదాలిచ్చి, 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకు మినహాయింపే ఇచ్చేశారు. పెద్ద గొట్టానికి పదేళ్ల ఓపిక, రెండెకరాలవాడికి మూడు గంటల్లో చుక్కా?

అందుకే మేము అడుగుతున్నాం:

చుక్కల సమాచారం ముందు గ్రామసభ ముందు పెట్టాలి. దాన్ని చూపి ఒక్క రైతుకూ జరిమానా వేయరాదు.

కట్టె ముక్కలు చేసే యంత్రాలు ఊరూరా అద్దెకు ఇవ్వాలి, కౌలు కార్డు అడగకుండా.

ఉపగ్రహం కొలిచేది నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మసకను. మన ముక్కు దగ్గరి గాలి తెలియాలంటే పల్లెల్లోనూ కొలిచే యంత్రాలు పెట్టాలి.

పైనుంచి మంట చూసినవాళ్లు కిందికి దిగి కారణం కూడా చూడాలి. ఈ నెల మీ ఊరి సంఘ సమావేశంలో ఈ మూడింటి మీదా తీర్మానం చేసి పంపండి.