వ్రేలాడే చర్మం, విమర్శకుల వేదాంతం

మా గీతాధ్యయన గోష్ఠిలో ఒక సోదరి గలరు. వయస్సు యాభైకి చేరువ. స్థూలకాయానికి వైద్యులు వ్రాసిచ్చిన వారానికొక సూదిమందుతో ఏడాదికి పైగా సాగిన చికిత్సలో ఆమె 26 కిలోలు తగ్గారు. తగ్గింది కొవ్వు, చర్మం తగ్గలేదు. ఉదరం మీద మడతలుగా జారిన చర్మం క్రింద చెమట నిలిచి, ఒరుసుకొని, వేసవి వచ్చేసరికి పుండ్లు పడుతున్నది. దానిని తొలగింపజేసుకొనదలచినట్లు ఆమె చెప్పగానే ఒక పెద్దమనిషి చిరునవ్వుతో అన్నారు: "నేను దేహము కాను అని పదేండ్లుగా వల్లించి, ఇప్పుడు దేహానికి మెరుగులా అమ్మా?" నలుగురు నవ్వారు. ఆమె బదులు పలుకలేదు. ఆ నవ్వుకు బదులు ఇవ్వవలసిన బాధ్యత నాకున్నదని తోచి ఇది వ్రాస్తున్నాను.

దృగ్దృశ్యవివేకం సాధకుడు తనపై తాను ప్రయోగించుకొనవలసిన సాధనం. తన దుఃఖానికి మూలమైన అధ్యాసను తనలో వెదకుకొనడానికి ఋషులు దానిని అనుగ్రహించారు. ఎదుటివారి గాయం మీద దానిని ప్రయోగిస్తే అది వివేకం కాదు, హింస. ఆ పెద్దమనిషి నిరుడు రెండు కన్నులకూ శుక్లాలు తీయించుకొన్నారు. "ద్రష్టవు నీవే కదా, కన్నులతో నీకేమి పని?" అని ఆయనను ఎవరూ అడుగలేదు. అడగకపోవడమే ధర్మం. ఆ ధర్మం ఒక స్త్రీ ఉదరం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మారిపోయింది?

మరొక ఆక్షేపణ కూడా విన్నాను. మందుతో తగ్గడం తపస్సు కాదట, జిహ్వను జయించినవారికే దేహలాఘవం శోభిస్తుందట. ఇది మరింత ప్రమాదకరమైన అహంకారం. ఆహారం తీసికొన్న పిమ్మట మన ప్రేగులే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను స్రవించి "చాలు" అని మెదడుకు తెలియజేస్తాయి. సెమాగ్లూటైడ్ వంటి మందులు ఆ సంకేతాన్నే అనుకరిస్తాయి. ఆ మందుపై జరిగిన ఒక ప్రధాన పరీక్షలో 68 వారాలకు సగటున శరీరభారంలో 15 శాతం తగ్గింది. టిర్జెపటైడ్ గరిష్ఠ మోతాదులో 72 వారాలకు సుమారు ఐదవ వంతు తగ్గింది. వారానికొక సూదితో ఆకలి ఇంతగా శమించగలిగితే, పుట్టుకతోనే ఆకలి మందంగా ఉన్నవాడు తన సన్నని నడుమును నిగ్రహఫలమని చెప్పుకొనడానికి ఆధారమేది? ప్రకృతి చేసిన పనికి కర్తృత్వం తనపై వేసుకొనడమే కదా గీత మూడవ అధ్యాయం ఖండించిన అహంకారం!

"వ్యాయామం చేస్తే చర్మం అదే బిగుస్తుంది" అనే ఉచిత సలహా ఒకటి. బిగియదు. ఏండ్ల తరబడి సాగిన చర్మంలో కొల్లాజెన్, ఎలాస్టిన్ తంతువులు దెబ్బతిని ఉంటాయి. వ్యాయామం కండరాన్ని పెంచుతుంది కాని, మిగిలిపోయిన చర్మాన్ని మాయం చేయదు. తైలాలూ అంతే.

మన సంప్రదాయం శస్త్రాన్ని ఎన్నడూ అసహ్యించుకొనలేదు. తెగిన చెవితమ్మెను సంధించే పద్ధతులు పదిహేనింటిని, తెగిన ముక్కును చర్మంతో పునర్నిర్మించే విధానాన్ని సుశ్రుతుడు వివరించాడు. ముక్కు కొన లేకపోయినా ప్రాణం పోదు. అయినా మనిషి నలుగురిలో తలెత్తుకొని నడవాలని ఆ మహానుభావుడు శ్రమించాడు. ఇక దేహభావం లేశమైనా లేదని మనమందరం కొలిచే భగవాన్ రమణులు? 1949లో ఆయన ఎడమచేతి మీద కణితికి వైద్యులు పలుమార్లు శస్త్రచికిత్స చేస్తే కాదనలేదు. చేయి తీసివేస్తామన్నప్పుడు మాత్రం వలదన్నారు. అంగీకారమూ నిరాకరణమూ రెండూ ఆ జ్ఞానికి సహజంగానే ఒప్పినవి. కనుక కత్తిని బట్టి జ్ఞానాన్ని కొలవడం కుదరదు.

నేను అంగళ్ళ పక్షం వహించడం లేదు. బరువు తగ్గి చెంపలు పీక్కుపోయినవారిని భయపెట్టి, ఫిల్లర్ల పేరిట ధనం గుంజే వ్యాపారం మన నగరాలలోనూ పెరుగుతున్నది. అరవై ఏండ్ల ముఖంలో పాతికేండ్ల ముఖాన్ని వెదకేవారికి వేదాంతం చెప్పవలసిన మాట తప్పక ఉన్నది. అయితే అది గురువు ఏకాంతంలో చెప్పవలసినది, గోష్ఠిలో నవ్వుతూ విసరవలసినది కాదు. ఆ సోదరికీ నేను తొందరపడమని చెప్పలేదు. ఉదరశస్త్రచికిత్స ఒక తుంటి నుండి మరొక తుంటి వరకు మచ్చను మిగులుస్తుంది. బరువు కొన్ని నెలలు నిలకడగా ఉన్న పిమ్మటే చేయాలి. సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరిశోధనలో తేలింది. అట్లా తిరిగి వస్తే చేసిన కోత వ్యర్థమవుతుంది. ఈ మందులు జీర్ణాశయం ఖాళీ కావడాన్ని మందగింపజేస్తాయి గనుక, మత్తుమందు ఇచ్చే వైద్యునికి సూది సంగతి ముందే చెప్పి తీరాలి. ఇవన్నీ ఆమె అడిగి తెలిసికొన్నారు. నవ్వినవారిలో ఒక్కరైనా అడిగారా?

వచ్చే నెలలో ఆమెకు శస్త్రచికిత్స. కొన్ని వారాలు బరువులెత్తరాదు, నేలపై కూర్చొనరాదు. గోష్ఠికి ఒక కుర్చీ కావాలి, ఆ దినాలలో ఆమె ఇంటికి భోజనం చేర్చడానికి నలుగురు కావాలి. నవ్వినవారు సరిగ్గా నలుగురే ఉన్నారు.