ప్లగ్గు చెప్పే జాతకం

మా బావమరిది కల్యాణదుర్గంలో ఓ పాత పెట్రోలు పికప్ బండి కొన్నాడు, అనంతపురం మార్కెట్టుకు చీనీకాయలు తోలడానికి. డీజిలు బండైతే ఈ కథే లేదు. దానికి స్పార్క్ ప్లగ్గులుండవు గదా! కొన్నాళ్ళకే బండి దగ్గసాగింది. నాలుగు ప్లగ్గులూ కొత్తవి వేయించాడు. నెల తిరిగేసరికి మళ్ళీ అదే దగ్గు! ఓనాడు దారిలోనే ఆగిపోయింది. ఎండకు కాయలు వాడి, ధర సగానికి పడింది.

చివరకు ఓ ముసలి మెకానిక్కు, "కొత్తవి కొనేది తర్వాత సామీ, ముందు వీటిని చూడనీ" అన్నాడు. వైద్యుడు నాలుక చూసినట్టు ప్లగ్గు కొస చూడాలట. లేత గోధుమరంగయితే ఆరోగ్యం. తెల్లబడితే ఇంజను మరీ వేడెక్కుతున్నట్టు. నూనె జిడ్డయితే రింగులు అరిగి ఉండవచ్చు. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువై, గాలి చాలనట్టు. మావాడివి మసి ప్లగ్గులే. ఎయిర్ ఫిల్టరు విప్పితే గుప్పెడు ఎర్రదుమ్ము! ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే జిల్లా మరి. ఫిల్టరు మార్చి, ఆ ప్లగ్గులే తుడిచి బిగిస్తే దగ్గు మాయం.

స్వయంగా మార్చుకునేవారికి నాలుగు మాటలు. ఇంజను చల్లారనివ్వండి. ప్లగ్గు చుట్టూ దుమ్ము ఊదాకే విప్పండి. లేకుంటే అది సిలిండరులో పడుతుంది. ఒక్కొక్కటే మారిస్తే వైర్లు తారుమారు కావు. బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పండి. బలవంతపెడితే మరలు చెడతాయి.

జబ్బు ముక్కులో ఉంటే నాలుక మార్చి ఏం లాభం?