కన్నం ఎవులు మూసేసినారు?

ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల మీద మనవాళ్లకున్న మోజు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. హాస్టల్లో ఏ రూముకెళ్లినా ఎవడో ఒకడు థార్‌ని గెడ్డలోకి దించే వీడియో చూస్తూ ఉంటాడు. ఆ బండి పక్కనుంచి టాప్ దాకా లేచే నల్ల గొట్టమే స్నార్కెల్. అది చేసే పని ఒక్కటే. బానెట్ కింద ఉండాల్సిన ఇంజన్ ముక్కుని టాప్ ఎత్తుకి తీసుకెళ్తుంది. గెడ్డ నీళ్లు అంత ఎత్తుకి రావు, నిజమే. కానీ వాన పైనుంచే కదా పడేది! గెడ్డలో దిగేది ఏడాదికి నాలుగైదు సార్లు. మన విశాఖలో వానలు మాత్రం జూన్‌లో మొదలైతే తుఫాన్లతో కలిపి నవంబర్ దాకా వదలవు.

ఇంట్లో స్నార్కెల్ చేసుకునేవాళ్లు చేసే పెద్ద తప్పు వానని పూర్తిగా ఆపేద్దామనుకోవడం. ఇది నా అభిప్రాయం. ఆ తప్పు నేనే చేశాను కాబట్టి చెప్తున్నా.

సెకండియర్ సెలవుల్లో మావయ్య జీపుకి స్నార్కెల్ పెట్టాం. మాడుగుల నుంచి పాడేరు వైపు కిరాయికి తిరిగే బండి అది, ఇల్లు గడిచేది దాని మీదే. 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు, రెండు ఎల్బోలు, ఎంసీల్. పైపు నోరు ఆకాశం వైపు ఉండిపోయింది. ఏముందిలే అని ఒక ప్లాస్టిక్ డబ్బా మూత బోర్లించి తీగతో కట్టాం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున చిన్న రబ్బరు ముక్కు ఒకటి కనిపించింది. గెడ్డలో దిగితే ఇందులోంచి నీళ్లొస్తాయని దాన్నీ ఎంసీల్‌తో మూసేశాను. ఆ తెలివి పూర్తిగా నాదే.

ఓ రాత్రి గాలీవానా. మూత ఎటో ఎగిరిపోయింది. పొద్దున్న బండి బాగానే స్టార్టయింది. ఘాట్ ఎక్కుతూ మొదటి మలుపు తిరిగిందో లేదో, ధన్‌మని ఆగిపోయింది. ఎత్తు మీద బండి వాలేసరికి డబ్బాలో నిలిచిన నీళ్లన్నీ ఒక్కసారిగా ఇంజన్లోకి పోయాయి. కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. డబ్బా విప్పిన మెకానిక్ నా వైపు చూడకుండానే అడిగాడు: "ఈ కన్నం ఎవులు మూసేసినారు బాబూ?" మావయ్య ఒక్క మాట కూడా అనలేదు. రెండు వారాలు కిరాయిల్లేవు. తిట్టుంటే బాగుండేది.

తర్వాత కూర్చుని లెక్క వేశాను. ముందే వేయాల్సిన లెక్క ఇది. 75 మిల్లీమీటర్ల నోటి వైశాల్యం సుమారు 44 చదరపు సెంటీమీటర్లు. రాత్రి 100 మిల్లీమీటర్ల వాన పడితే నిలబెట్టిన బండి పైపులోకి 440 మిల్లీలీటర్లు దిగుతాయి. నోరు ముందుకి తిప్పి, గంటకి 100 మిల్లీమీటర్ల కుంభవృష్టిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, గంటకి లీటరు దాకా రావచ్చు. ఆ నీళ్లు తుంపరగా వస్తే ఇంజన్‌కి పెద్దగా ఏమీ కాదు. ప్రమాదమంతా ఒకచోట నిలిచి, ఒకేసారి పోతేనే. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, కంప్రెషన్ రేషియో 17 అనుకుందాం. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక మిగిలే చోటు 39 సీసీ. టీ కొట్టు గ్లాసులో సగం కూడా ఉండదు! గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. కాబట్టి వంగేది రాడ్డే.

మరి గట్టి మూత పెడితే పోలా అంటారు. బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కుర్సుర చూశారుగా. అలాంటి డీజిల్ సబ్‌మెరైన్లకీ స్నార్కెల్ ఉంటుంది. అల మీదికొస్తే తల దగ్గర వాల్వ్ మూసుకుంటుంది. ఆ కొన్ని క్షణాలు ఇంజన్లు లోపలి గాలినే పీల్చుకుంటాయి. జీపులో అంత గాలి ఎక్కడుంది? మూత బిగిస్తే బండికి ఊపిరాడదు, వదులుగా పెడితే ఎగిరిపోతుంది.

మనం నేర్చుకోవాల్సింది పోర్టులో ఆగే ఓడల దగ్గర. డెక్ మీద ట్యాంకుల గాలి గొట్టాలు హంస మెడలా వంగి కిందికి చూస్తుంటాయి. మనమూ నోరు కిందికే తిప్పాలి, పైగా వెడల్పు చేయాలి. పైన చెప్పిన ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర 75 మిల్లీమీటర్ల పైపులో గాలిని సెకనుకి 9 మీటర్ల పైనే లాగుతుంది. ఆ వేగానికి చినుకు పైకీ ఎక్కేస్తుంది. నోటి వ్యాసం రెట్టింపు చేస్తే వేగం నాలుగో వంతుకి, అంటే రెండు మీటర్ల పైచిలుకుకి పడిపోతుంది. ఒక మిల్లీమీటరు చినుకు సహజంగా పడే వేగమే సెకనుకి 4 మీటర్లు. కాబట్టి అది పైకెక్కలేక కింద పడిపోతుంది. ట్రాక్టర్ మీద ఉండే పుట్టగొడుగు లాంటి ప్రీ క్లీనర్ ఇంకో దారి. గాలిని గిరగిరా తిప్పి బరువైన దుమ్మునీ చినుకునీ పక్కకి విసిరేస్తుంది.

ఇంత చేసినా కొన్ని చుక్కలు వస్తాయి. అందుకే ఆ రబ్బరు ముక్కు. బాతు ముక్కులా రెండు పెదవులుంటాయి. లోపల నీళ్లు చేరితే తెరుచుకుని వదిలేస్తాయి, ఇంజన్ లాగినా బయట నీళ్లు నొక్కినా మూసుకుంటాయి. నేను భయపడిన పనికి జవాబు దాన్ని చేసినవాడు ముందే పెట్టాడు. నాకు అడగాలని తోచలేదంతే. కొన్న స్నార్కెల్ తలలోనూ నీళ్లు జారడానికి సందులుంటాయి. వాటికి టేప్ వేసేవాళ్లని నా కళ్లతో చూశాను.

ఇంట్లో చేయొద్దని నేననను. చేయండి, చేస్తేనే వస్తుంది. కానీ బండి రోడ్డెక్కే ముందు తల మీద పది నిమిషాలు గొట్టంతో నీళ్లు కొట్టండి. తర్వాత డబ్బా విప్పి చూడండి. ఇంకో మాట. స్నార్కెల్ ఉంది కదా అని మునిగిన అండర్ బ్రిడ్జి కింద దూరకండి. వైరింగ్‌కీ యాక్సిల్‌కీ స్నార్కెల్ లేదు. నీళ్లు మింగి పాడైన ఇంజన్‌కి మామూలు ఇన్సూరెన్స్‌లో చాలాసార్లు డబ్బులు రావు, దానికి విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోవాలి.

మావయ్య జీపుకి ఇప్పుడు కొత్త రబ్బరు ముక్కు ఉంది. వానలకి ముందు దాని పెదవులు వేలితో విడదీసి మట్టి తుడవడం నా డ్యూటీ. మీ బండికీ ఉంటుంది, ఈ ఆదివారం ఒకసారి వంగి చూడండి.