ఎవరికి ఈ ఊరట?

2024లో తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్ల రాయితీ గడువు మళ్లీ మళ్లీ పెరిగింది. జనవరి 10 అన్నారు, 31 అన్నారు, చివరికి ఫిబ్రవరి 15 అన్నారు. ద్విచక్ర వాహనదారుడు వందకు ఇరవై కడితే చాలన్నారు. 2022లో మాఫీ 75 శాతం, ఆసారి 80.

చాటు నుంచి ఫొటోలు తీసి చలాన్లు గుప్పిస్తున్నారని, రోడ్ల గుంతలకు జరిమానా ఎవరు కడతారని జనం నిలదీయడంలో న్యాయం ఉంది. మేం ఒప్పుకోలేనిది ఒక్కటే: ఈ రాయితీ సామాన్యుడికి ఊరట అన్న మాట.

ఏ సామాన్యుడికి? సికింద్రాబాద్ సంగీత్ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడండి. మోచేతికి వేలాడే హెల్మెట్ పోలీసును చూడగానే తలకెక్కుతుంది, ప్యాట్నీ దాటేలోపే దిగిపోతుంది. అడిగితే ‘ఇక్కడికే కదా’ అంటారు. మెట్టుగూడ నుంచి ప్యారడైజ్‌కు వెయ్యిసార్లు వెళ్లొచ్చినా ఏమీ కాలేదు. ఆ వెయ్యిసార్లే అతనికి రుజువు. ప్రమాదమంటే హైవే మీద, అర్ధరాత్రి, తాగి నడిపేవాడికి, ఎవరో ఇంకొకరికి జరిగేది. చావు కంటికి కనపడదు, చలాను కనపడుతుంది. ఆ కనపడేదాన్నే ప్రభుత్వం చవక చేసింది. కట్టకుండా ఆగితే తగ్గుతుందని రెండోసారీ నేర్పింది. తప్పు ఒప్పుకుని వెంటనే పూర్తి జరిమానా కట్టినవాడూ సామాన్యుడే. అతనికి దక్కిందేమిటి?

అసలు ఈ ‘ఊరట’ మాటలో వెనుక సీటు మనిషే లేడు. 2022లో దేశంలో హెల్మెట్ పెట్టుకోక చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. అందులో 14,337 మంది బండి నడిపినవారు కాదు. వెనుక కూర్చున్న భార్యలు, తల్లులు, స్నేహితులు. ముందున్నవాడి ధీమాకు తమ ప్రాణాలు అప్పగించినవాళ్లు. వారి ఇళ్లకు ఈ ఊరట ఏ రూపంలో చేరుతుంది? గాంధీ ఆస్పత్రి క్యాజువాలిటీ బయట కూర్చున్న కుటుంబం దగ్గరకు వెళ్లి ఈ 80 శాతం గురించి చెప్పగలరా?

పార్కింగ్ చలాన్లు తగ్గించుకుంటామంటే తగ్గించుకోండి. హెల్మెట్, రాంగ్‌రూట్ చలాన్లను మాత్రం ఇలాంటి రాయితీలో ఇకపై చేర్చకూడదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం హెల్మెట్ లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అంటుంటే, మన రాష్ట్రం 2024 నాటికి ఆ పెంపు జోలికే పోలేదు. కనీసం ఉన్న జరిమానానైనా పూర్తిగా, వెంటనే వసూలు చేయాలి. వెనుక సీటుతోనే మొదలుపెట్టాలి.