కత్తియు నాగటికఱ్ఱును

పండుగనాఁడు తారాజువ్వ నెగురవేయని బాలుఁడు మన యోరుగల్లులో నరుదు. మందు మండి క్రిందికిఁ జిమ్మెడు వాయువే జువ్వను మీఁదికిఁ ద్రోయును. చంద్రునివైపు సాగు రాకెట్టునకును సూత్ర మిదియే. ఆ రాకెట్టులను జూచి సంతసించు మన విద్యార్థులు వాని వంశచరిత్రమును గూడ నెఱుఁగవలెనని మా యభిప్రాయము.

1944లో జర్మనులు లండను, పారిసు నగరములపైఁ బ్రయోగించిన వీ-2 క్షిపణియే నేఁటి భారీ రాకెట్టులకు మూలపురుషుఁడు. దానిని జేయుటలో నిర్బంధితులైన ఖైదీలు వేలకొలఁది మరణించిరి. దాని రూపకర్తయగు వెర్నర్ ఫాన్ బ్రౌను పిమ్మట నమెరికాకుఁ బోయి, సైన్యమునకై రెడ్‌స్టోన్ క్షిపణిని నిర్మించెను. ఆ రెడ్‌స్టోన్, జూపిటర్ క్షిపణుల తొట్లవంటి తొమ్మిది తొట్లను గుత్తిగాఁ గూర్చి మొదటి సాటర్న్ రాకెట్టును జేసిరి. ఆ వంశపు సాటర్న్ 5 రాకెట్టే 1969లో మానవులను జంద్రునికడకుఁ బంపెను. రష్యాలో హైడ్రోజను బాంబును మోయుటకై తలపెట్టిన ఆర్-7 క్షిపణియే 1957లో స్పుత్నిక్‌ను నింగికిఁ గొనిపోయెను.

ఇది చూచి, ఆయుధము కాలక్రమమునఁ దనంతటఁ దానే మేలుగా మాఱునని కొందఱు తలంతురు. అది సరికాదని మన దేశచరిత్రమే చెప్పుచున్నది. 1980 జూలై 18న శ్రీహరికోటనుండి రోహిణి యుపగ్రహమును గక్ష్యలో నిలిపిన ఎస్.ఎల్.వి-3 యొక్క మొదటి యంతస్తునే, 1989 మే 22న ప్రయోగింపఁబడిన అగ్ని క్షిపణికి మొదటి యంతస్తుగాఁ గైకొనిరి. ఆ రాకెట్టునకును, హైదరాబాదున సాగిన ఆ క్షిపణి పథకమునకును అబ్దుల్ కలాముగారే సారథులు. ఇక్కడ త్రోవ వెనుకకు నడిచినది. దేశరక్షణ యవసరమును మేము కాదనము. త్రోవ రెండువైపులకును బోవునని మాత్రమే చెప్పుచున్నాము.

మఱి, ఆయుధము ముందు పుట్టక తప్పదా? 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసిన ఎల్.వి.ఎం-3 రాకెట్టు బరువు సుమారు 640 టన్నులు. ఇది మొదటినుండియు నుపగ్రహములకొఱకే యుద్దేశింపఁబడినది. కావున తప్పదనుట నిజము కాదు.

కమ్మరి కొలిమిలో నొకే యినుము కత్తియుఁ గావచ్చును, నాగటికఱ్ఱును గావచ్చును. ఏది కావలెనో యినుము చెప్పదు. కమ్మరియు, వానికిఁ బని చెప్పువారును నిర్ణయింతురు. నేఁడు గణితము నేర్చు మన పిల్లలలో రేపు కొందఱు కమ్మరులగుదురు. తక్కినవారందఱును బని చెప్పువారే. కనుక ఉపాధ్యాయులు 1980తోఁబాటు 1989ని, చంద్రయాత్రతోఁబాటు ఆ ఖైదీల కథను గూడ బోధింతురు గాక. బాలబాలికలారా, ఏ రాకెట్టును జూచినను, అది యెంత యెత్తున కెగిరెనని యడుగుటకు ముందు, ఏమి మోసికొని పోవుచున్నదని యడుగుఁడు.