అన్నం ముందు అరగంట

తెల్లవారుజామునే లేచి వండుకుని, క్యారేజీ కట్టుకుని బస్సెక్కే అమ్మాయిలు అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఎందరో! అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మా సిటీకో పరుగు. చీకటితో కట్టుకున్న ఆ అన్నం తినడానికి దొరికేది అరగంట.

నిజంగా అరగంటేనా? ఓసారి లెక్కేద్దాం. మందుల తయారీ విభాగమైతే ముందు గౌను, తొడుగులు విప్పాలి. భోజనాల గదిదాకా నడవాలి. కుళాయి దగ్గర వరసలో నిలబడాలి. తిన్నాక మళ్లీ నడవాలి, అన్నీ తొడుక్కోవాలి. ఒక్కోదానికి నాలుగు నిమిషాలనుకున్నా ఇరవై అయిపోయాయి. మిగిలిన పదిలో అన్నం తినడం కాదు... మింగడమే!

ఈ అరగంట ఊరికే రాలేదు. 1884లో బొంబాయి మిల్లు కార్మికుల తరఫున నారాయణ్ మేఘాజీ లోఖండే అడిగిన కోర్కెల్లో మధ్యాహ్నం అరగంట విరామం ఒకటి. ఐదు గంటలకు మించి ఏకధాటిగా పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షన్‌లో రాశారు. ఆ ఐదు గంటలను ఆరు చేసే సవరణకు 2025లో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అదే ఏడాది నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి.

చట్టం ఎంతసేపో చెబుతుంది. ఆ సమయం ఎక్కడ మొదలవుతుందో చెప్పాల్సింది మాత్రం సంస్థ రాసుకునే నిబంధనే. అందులో ఏముండాలి?

* నడకకు, చేతులు కడుక్కోవడానికి పట్టే సమయం విడిగా కలపాలి. అరగంట కంచం ముందే గడవాలి.
* అందరినీ ఒకేసారి వదలకుండా జట్లుగా పంపాలి. కుళాయి దగ్గర వరస తగ్గుతుంది.
* ఆ సమయంలో యంత్రం దగ్గర ఎవరుండాలో ముందే రాయాలి. లేకపోతే ముద్ద నోట్లో ఉండగానే పిలుపొస్తుంది.
* మధ్యలో పిలిస్తే పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వాలి.
* కాంట్రాక్టు కార్మికులకూ ఇదే నిబంధన వర్తించాలి. తెలుగులో రాసి, అందరికీ కనిపించేలా బోర్డు మీద పెట్టాలి.

నిబంధన అమలవుతోందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. మీ ఇంట్లో ఉద్యోగానికి వెళ్లొచ్చిన వాళ్ల క్యారేజీ మూత సాయంత్రం తీసి చూడండి. సగం అన్నం అలాగే ఉందా? కూర బాగాలేదేమోనని అనుకునే ముందు, తినడానికి టైమిచ్చారా అని ఓ మాట అడగండి.